నెలకు పదిహేను వందల్లో గుండె మందు: నెల్లిమర్ల టామీ కేసు

ఈ కేసులో జబ్బు పోల్చుకోవడం కష్టమేమీ కాలేదు. పదకొండేళ్ల మగ పమేరియన్. ఎడమ పక్క గుండె చివర స్టెతస్కోప్ ఆనించగానే బుస్సుమని మర్మర్, అంటే గుండె చప్పుళ్ల మధ్య వినబడే అదనపు శబ్దం. ఊపిరితిత్తుల్లో నీరు. ఆఖరి సంవత్సరం వెటర్నరీ విద్యార్థిని అడిగినా గుండె ఎడమ పక్క గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ (కవాటం) చెడిందనే చెబుతాడు. వాడాల్సిన మందులేవో పుస్తకాల్లో తేటగా ఉంది. పైగా వాటిలో ముఖ్యమైనవి ఆ ఇంటికి అప్పటికే ఒక డాక్టరు రాసిచ్చారు, సరిగ్గానే రాశారు. అసలైన మందు మాత్రం కుక్క నోట్లోకి వెళ్లలేదు. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

విజయనగరంలో పెంపుడు జంతువుల క్లినిక్ నడుపుతూ నేను గమనించినది ఇది: మందు పని చెయ్యక తిరగబెట్టే జబ్బులు కొన్ని ఉంటాయి గానీ, మందు కొనలేక తిరగబెట్టేవి అంతకంటే ఎక్కువగా నా బల్ల మీదకి వస్తాయి. కొనలేకపోతున్నామని మాత్రం ఎవరూ నోరు తెరిచి చెప్పరు. అడిగితే "వాడుతున్నామండీ" అంటారు. అందుకని కేస్ షీట్‌లో బరువు, జ్వరం, గుండె వేగం రాసే చోటే ఇంకో గడి గీసుకున్నాను: మందులకి నెలకు ఎంత పెట్టగలరు? ఆ గడిలో పడే అంకెని బట్టి చికిత్స ఎలా రూపు మార్చుకుంటుందో ఈ కేసులో బాగా కనబడుతుంది. యజమానులు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్ల పేర్లు ఇందులో లేవు.

వచ్చినప్పటి పరిస్థితి

దీపావళి మర్నాడు పొద్దున్నే నెల్లిమర్ల నుంచి ఆటోలో తీసుకొచ్చారు. రాత్రంతా బాంబుల మోతకి మంచం కింద దూరి వణుకుతూనే ఉందట. తెల్లారేసరికి పడుకోలేకపోతోంది. ముందుకాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు బయటికి తిప్పి, మెడ చాచి, నోరు తెరుచుకుని ఊపిరి లాగుతోంది. కుక్క అలా నిలబడిందంటే ఇక ప్రశ్నలకి సమయం లేదని అర్థం.

నిమిషానికి 68 శ్వాసలు. గుండె వేగం 170. చిగుళ్లు బూడిద రంగులోకి తిరిగి, అంచుల్లో నీలం. ఆరింట ఐదో గ్రేడు మర్మర్. రెండు పక్కలా ఊపిరితిత్తుల్లో చిటపటలు. ఈ స్థితిలో ఉన్నదాన్ని ఎక్స్‌రే కోసం పక్కకి తిప్పి పడుకోబెట్టకూడదు. గట్టిగా పట్టుకున్న ఆ రెండు నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. ముక్కు దగ్గర ఆక్సిజన్ మాస్కు పెట్టి, నీరు లాగే ఫ్యూరోసెమైడ్ కేజీకి 2 మి.గ్రా. లెక్కన నరంలోకి ఇచ్చాను. బరువు 8.4 కేజీలు కాబట్టి సుమారు 17 మి.గ్రా. మనుషుల ఆసుపత్రుల్లో వాడే 2 మి.లీ. ఆంప్యూల్‌లో ఇది 1.7 మి.లీ. కంగారు తగ్గడానికి కొద్దిగా బ్యుటార్ఫనాల్. గదిలో లైటు తీసేసి, ఎవరినీ లోపలికి రానివ్వలేదు. కాసేపటికి మూత్రం బాగా పోసింది. ఇంకో డోసు ఇచ్చాం. మధ్యాహ్నానికి శ్వాసలు 44, సాయంత్రానికి 36.

అప్పుడు ఎక్స్‌రే తీయించాను. గుండె ఎడమ పై గది (కర్ణిక) ఉబ్బి శ్వాసనాళాన్ని పైకి నెట్టేసింది. వెన్నుపూసలతో కొలిచే గుండె సైజు 12 వచ్చింది, మామూలుగా 10.7 లోపు ఉండాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1, పొటాషియం 4.4, రెండూ బాగానే ఉన్నాయి. దోమలెక్కువ ఉన్న ప్రాంతం కాబట్టి రక్తం చుక్కలో మైక్రోఫైలేరియా (దోమలు అంటించే పురుగుల పిల్లలు) కూడా వెతికించాను, లేవు. పమేరియన్లలో శ్వాసనాళం నొక్కుకుపోయి కూడా దగ్గు వస్తుంది, టామీకి అది కొంచెం ఉన్నా ఉండొచ్చు. ఆ రోజు ప్రాణం మీదకి తెచ్చింది మాత్రం గుండే. వాల్వ్ రెక్కలు మందమైపోయి, సరిగ్గా మూతపడని తలుపులా, గుండె బిగుసుకున్నప్పుడల్లా రక్తాన్ని వెనక్కి వదిలేస్తాయి. వెనక పేరుకున్న ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. పశువైద్యులు అనుసరించే 2019 మార్గదర్శకాల్లో ఈ జబ్బుకి ఎ, బి1, బి2, సి, డి అని దశలున్నాయి. ఒక్కసారి నీరు చేరిందంటే అది సి దశ. అక్కడి నుంచి మందులు జీవితాంతం.

ఎకో (గుండె స్కానింగ్) చేయిస్తే ఇంకా తెలుస్తుంది, నిజమే. మార్గదర్శకాలు కూడా చేయించమనే అంటాయి. దానికి విశాఖ వెళ్లాలి, రానూపోనూ బండి, పరీక్ష ఫీజు కలిపితే ఒక నెల మందుల డబ్బు. వయసు, జాతి, మర్మర్, ఎక్స్‌రే అన్నీ ఒకే మాట చెబుతున్నప్పుడు ఆ నెలకి ఎకో వల్ల నా మందుల చీటీలో ఒక్క అక్షరం మారదు. ఆ డబ్బు పది రోజుల తరువాత చేయాల్సిన కిడ్నీ పరీక్షకి దాచమన్నాను. ఇది ఎకో మీద చిన్నచూపు కాదు. ఉన్న డబ్బులో ఏ పరీక్ష వల్ల నిర్ణయం మారుతుందో దానికే ముందు పీట.

పాత మందులు ఏమయ్యాయి

ఆరు నెలల కిందట విశాఖలో చూపించారు. ఆ ఫైలు ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టి తెచ్చారు. పిమోబెండాన్ 1.25 మి.గ్రా. మాత్రలు ఉదయం రెండు, రాత్రి రెండు. కుక్కల బ్రాండులో బెనజెప్రిల్. ఫ్యూరోసెమైడ్. గుండెకి బలమని ఒక సిరప్, లివర్ టానిక్ ఒకటి, ఒమేగా క్యాప్సూల్స్. తప్పు మందు ఒక్కటీ లేదు. మొత్తం బిల్లు నెలకి ఐదు వేలు దాటింది.

టామీ యజమాని జూట్ మిల్లులో చేసి రిటైరైన మనిషి. వచ్చేది ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పింఛను. ఆ పథకంలో కనీస పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయల దగ్గరే ఉంది, ఆయనకొచ్చేది దానికి మరీ ఎక్కువేం కాదు. ఆయన భార్య ఇంట్లో జాకెట్లు కుడతారు. టామీ అసలు కూతురి కుక్క. పెళ్లై హైదరాబాద్ వెళ్తూ వీళ్ల దగ్గర వదిలింది.

"మందులు వాడుతున్నారా అమ్మా?" అంటే "వాడుతున్నాం బాబూ" అన్నారు. ఇలాంటప్పుడు నేను ఇంకో మాట అడగను. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులు, సీసాలు, డబ్బాలు అన్నీ సంచిలో వేసుకుని రమ్మంటాను. మర్నాడు ఆయన తెచ్చారు. పిమోబెండాన్ డబ్బా ఖాళీ, దాని బిల్లు నాలుగు నెలల కిందటిది. బెనజెప్రిల్ స్ట్రిప్‌లో మూడు మాత్రలు మిగిలి ఉన్నాయి, దాని వెండి రేకు నలిగి నల్లబడింది. లివర్ టానిక్ సీసా మాత్రం కొత్తది, సగం వాడింది.

అప్పుడు ఆవిడే చెప్పారు. "రేటెక్కువది ఒక్కటీ ఆపేసినాం బాబూ. మిగతావి ఏస్తన్నాం. దగ్గుకి మా మనవడికి రాసిన సిరప్పు కూడా పోసినాం."

ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆరు పేర్లున్న చీటీ చేతిలో పెట్టి, అందులో ఏది ప్రాణం నిలిపేదో, ఏది లేకపోయినా నడిచేదో చెప్పకపోతే, డబ్బు చాలనప్పుడు ఎవరైనా పెద్ద రేటుదే ఆపుతారు. టామీ విషయంలో ఆ పెద్ద రేటుదే అసలు మందు. పిమోబెండాన్ గుండె బిగువు పెంచుతుంది, రక్తనాళాలు వదులు చేసి గుండె మీద బరువు దించుతుంది. 2008లో వచ్చిన క్వెస్ట్ అనే పెద్ద పరిశీలనలో, ఇదే జబ్బుతో గుండె వైఫల్యం వచ్చిన కుక్కల్లో, బెనజెప్రిల్ ఇచ్చిన గుంపు మధ్యస్థంగా 140 రోజులు నిలిస్తే పిమోబెండాన్ ఇచ్చిన గుంపు 267 రోజులు నిలిచింది. లివర్ టానిక్‌కి అలాంటి లెక్క ఏదీ లేదు. దగ్గు సిరప్ సంగతి మరీ ప్రమాదం. మనుషుల జలుబు, దగ్గు మందుల్లో ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ లాంటివి ఉంటాయి, అవి రక్తపోటు పెంచి గుండె మీద భారం ఇంకా పెంచుతాయి. చక్కెర లేని సిరప్పుల్లో కొన్నిట్లో జైలిటాల్ ఉంటుంది, అది కుక్కకి విషం.

పదిహేను వందలు

గడిలో పడిన అంకె పదిహేను వందలు. ఆయన ముందు మూడు వేలు అన్నారు, ఆవిడ ఆయన మొహం చూశారు. "నెలనెలా, ఏడాది పొడుగునా పెట్టగలిగేది చెప్పండి బాబాయ్, ఈ ఒక్క నెలకి కాదు" అన్నాను. అప్పుడు ఆవిడ చెప్పిన అంకె అది. మొదటి అంకె పట్టుకుని చీటీ రాసి ఉంటే రెండో నెలకే మళ్లీ ఆగిపోయేది.

ఇక లెక్క. టామీకి కావాల్సినవి నాలుగు: పిమోబెండాన్, నీరు లాగే ఫ్యూరోసెమైడ్, రక్తనాళాలు వదులు చేసే ఏసీఈ ఇన్హిబిటర్ ఒకటి (బెనజెప్రిల్ ఆ రకమే), దానికి తోడుగా స్పైరోనోలాక్టోన్. సిరప్, టానిక్, ఒమేగా తీసేశాను. ఒమేగా వల్ల కొంత మేలు ఉండొచ్చు; పదిహేను వందల్లో దానికి చోటు లేదు.

నాలుగిట్లో మూడింటిని మనుషులు దశాబ్దాలుగా వాడుతున్నారు. ఫ్యూరోసెమైడ్, స్పైరోనోలాక్టోన్ ఏ ఊళ్లోనైనా ఉంటాయి. బెనజెప్రిల్ బదులు అదే పని చేసే ఎనలాప్రిల్ రాశాను, కుక్కల్లో ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న మందే. ఈ మూడూ కేంద్ర ప్రభుత్వ పథకంలో నడిచే జనౌషధి కేంద్రాల్లో దొరుకుతాయి. 2008లో మొదలైన ఈ పథకంలో మందులు బ్రాండ్ ధర కంటే 50 నుంచి 80 శాతం దాకా తక్కువకి ఇస్తారు. జనౌషధి సుగమ్ అనే యాప్‌లో మందు ధర, దగ్గర్లో ఉన్న కేంద్రం రెండూ చూసుకోవచ్చు. కుక్క మోతాదుకి వచ్చేసరికి ఈ మూడింటికీ కలిపి నెలకి అయ్యేది వంద చిల్లర, స్టాక్ లేక బ్రాండ్ కొన్న నెలలో ఇంకాస్త. అంటే అసలు సమస్య ఎప్పుడూ ఆ నాలుగో మందే.

పిమోబెండాన్ మన దేశంలో మనుషులకి వాడే మందు కాదు. కాబట్టి జనౌషధిలోనో, వీధి చివర మందుల షాపులోనో వెతికి లాభం లేదు. ప్యాకెట్ మీద జంతువు తల గుర్తుతో, జంతు చికిత్సకి మాత్రమే అని రాసి వచ్చే మందు ఇది. విదేశీ బ్రాండుతో పాటు మన దేశంలో తయారయ్యేవీ ఉన్నాయి, రేటులో తేడా బాగా ఉంటుంది. అంతకంటే పెద్ద తేడా ఇంకో చోట ఉంది. మాత్రలో మందు నాలుగు రెట్లు పెరిగితే ధర నాలుగు రెట్లు పెరగదు. పాత చీటీ ప్రకారం టామీ రోజుకి 1.25 మి.గ్రా. మాత్రలు నాలుగు తినాలి, అంటే 5 మి.గ్రా. అదే మోతాదు 5 మి.గ్రా. మాత్ర ఒక్కటి, ఉదయం సగం, రాత్రి సగం. మధ్యలో గీత ఉన్న నమిలే మాత్ర కాబట్టి సమంగా విరుగుతుంది. కేజీకి 0.3 మి.గ్రా. పడుతుంది, సరిగ్గా కావాల్సినంతే. ఇక్కడి కంపెనీ బ్రాండు, 5 మి.గ్రా. సైజు, రెండూ కలిపేసరికి ఈ ఒక్క మందు ఖర్చు మూడో వంతుకి దిగింది. మొత్తం చీటీ పద్నాలుగు వందల దగ్గర ఆగింది.

ఇక్కడ తోటి డాక్టర్లకి ఒక మాట. మాత్ర విరగ్గొట్టి వాడమనే ముందు ఏ రకం మాత్రో చూడాలి. సాదా మాత్రలు, గీత ఉన్నవి విరగ్గొట్టొచ్చు. పైపూత మీద ఆధారపడేవి, నిదానంగా విడుదలయ్యేవి, క్యాప్సూల్స్ విరగ్గొట్టకూడదు. పిమోబెండాన్‌ని ముందే నీళ్లలో కలిపి సీసాలో దాచుకోవడం కూడా కుదరదు, అలా కలిపితే అది నిలకడగా ఉండదు. విరిచిన రెండో సగం మళ్లీ రేకులోనే మడిచి పెట్టమని చెప్పాలి. మన ఉత్తరాంధ్ర వానాకాలంలో గాలికి వదిలేసిన మాత్ర రెండు రోజుల్లో మెత్తబడిపోతుంది.

చీటీ ఎలా రాశాను

చౌక మందు ఉంటే చాలదు, షాపువాడు ఇవ్వాలి. కుక్క పేరు చూడగానే "జంతువుల చీటీకి మేం ఇవ్వం" అనే షాపులు ఉన్నాయి. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. మత్తు మందుల కోసం దొంగ చీటీలు వస్తుంటాయి. అయితే నిబంధన చాలా స్పష్టంగా ఉంది. 1945 డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు, చీటీ మీద ఏమేం ఉండాలో చెబుతూ, మందు జంతువు కోసమైతే యజమాని పేరు, చిరునామా రాయాలంటుంది. అంటే షెడ్యూల్ హెచ్ మందులు (చీటీ ఉంటేనే అమ్మాల్సినవి) పశువైద్యుడి చీటీ మీద ఇవ్వొచ్చని ఆ రూలే ఒప్పుకుంటోంది. మొత్తం ఎన్ని మాత్రలు, ఎంత మోతాదు అన్నవి కూడా చీటీలో ఉండాలని అదే రూలు. అందులోనే ఇంకో మాట ఉంది: షెడ్యూల్ హెచ్ మందు రాస్తే దాని బదులు ఇంకో మందు, అదే మందు ఇంకో రూపంలో అయినా సరే, ఇవ్వకూడదు. ఈ రెండో మాట వల్ల మన మీద ఒక బాధ్యత పడుతుంది. మనం బ్రాండ్ పేరు రాస్తే షాపువాడు చట్టం ప్రకారం ఆ బ్రాండే ఇవ్వాలి. చౌకది ఇవ్వమని వాడిని అడిగి ప్రయోజనం లేదు, మందు అసలు పేరు మనమే రాయాలి.

టామీ చీటీ ఇలా ఉంది. పైన నా పేరు, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, క్లినిక్ ఫోను. తరువాత: "టామీ, పమేరియన్, మగ, 11 ఏళ్లు, 8.4 కేజీలు", యజమాని పేరు, నెల్లిమర్ల చిరునామా. ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా., ఉదయం అర, రాత్రి అర, 30 మాత్రలు. ఎనలాప్రిల్ 5 మి.గ్రా., ఉదయం అర, రాత్రి అర, 30 మాత్రలు. స్పైరోనోలాక్టోన్ 25 మి.గ్రా., ఉదయం అర, 15 మాత్రలు. ఇదంతా షాపు కోసం ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో. కింద గీత గీసి, ఇంటి కోసం తెలుగులో: "ఇవి ఏవీ మానకూడదు. డబ్బు చాలకపోతే మందు ఆపే ముందు నాకు ఫోన్ చెయ్యండి. షాపులో ఏ మాత్ర ఇచ్చినా స్ట్రిప్ ఫోటో నాకు పంపి, నేను సరే అన్నాకే వెయ్యండి. నొప్పి మాత్రలు, దగ్గు మందులు సొంతంగా వద్దు."

నొప్పి మాత్రల మాట ఊరికే రాయలేదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. ఫ్యూరోసెమైడ్, ఎనలాప్రిల్ వాడే కుక్కలో ఆ దెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది.

ఊళ్లో ఒక షాపువాళ్లు చీటీ తిప్పి పంపేశారు. జనౌషధి కేంద్రంలో మాత్రం చీటీ చదివి, "ఎనలాప్రిల్ కుక్కకి కూడా వాడతారా" అని ఆశ్చర్యపోయి, మూడూ ఇచ్చారు. అక్కడి ఫార్మసిస్ట్‌తో ఆ తరువాత నేనే ఫోన్‌లో మాట్లాడాను. ఇప్పుడు నా చీటీలు వెళ్తే అనుమానం ఏదన్నా ఉంటే ఆయనే ఫోన్ చేస్తారు. ఏ ఊరి డాక్టరైనా ఇలా ఒక్క ఫార్మసిస్ట్‌తో పరిచయం పెట్టుకుంటే రోగులకి జరిగే మేలు చాలా పెద్దది.

పిమోబెండాన్ విశాఖ హోల్‌సేలర్ దగ్గర నుంచి వస్తుంది. ఒక్క డబ్బా అడిగితే చిల్లర ధర చెబుతారు. బొబ్బిలి, గజపతినగరం, చీపురుపల్లి వైపు నుంచి ఇదే మందు వాడే కుక్కలు నా దగ్గర ఇంకొన్ని ఉన్నాయి. అందరివీ కలిపి ఒకేసారి తెప్పిస్తే హోల్‌సేల్ ధర పడుతుంది. పార్సిల్ ఆర్టీసీ కార్గోలో కాంప్లెక్స్‌కి వస్తుంది, బిల్లు మీద ఉన్న ధరకే ఇస్తాను. బిల్లు లేకుండా, బ్యాచ్ నంబరు లేకుండా చవగ్గా ఇస్తామనే వాళ్ల దగ్గర మాత్రం కొనొద్దని అందరికీ చెబుతాను. గుండె మాత్ర నకిలీదైతే అది తెలిసేది కుక్క నీలంగా మారాకే.

వాడే పద్ధతి, లెక్కపెట్టే పద్ధతి

పిమోబెండాన్ ఖాళీ కడుపుతో బాగా ఒంటపడుతుంది, తిండికి గంట ముందు వెయ్యాలి. ఆయన పొద్దున్నే చంపావతి వైపు నడకకి వెళ్లే ముందు అర మాత్ర, తిరిగొచ్చాక మిగతా మాత్రలు చిన్న ఇడ్లీ ముక్కలో. ఉప్పు సంగతి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. టామీకి ఎండు నెత్తళ్లు లేకపోతే ముద్ద దిగదట. ఉప్పు ఒళ్లో నీరు పట్టి ఉంచుతుంది, ఒక చేత్తో నీరు లాగే మాత్ర వేసి ఇంకో చేత్తో ఎండు చేప పెడితే మాత్ర ఖర్చు వృథా. ఉప్పు వెయ్యని కోడి ఉడుకునీళ్లు అన్నంలో కలపమన్నాను. రెండు రోజులు అలిగిందట, మూడో రోజు తినేసింది.

చౌక మందు పనిచేస్తోందా లేదా అన్న అనుమానానికి జవాబు ఇంట్లోనే ఉంది. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు లేచి దిగడం ఒక శ్వాసగా నిమిషం పాటు లెక్కపెట్టాలి. ముప్పై లోపు ఉంటే నీరు లేదు. ముప్పై దాటుతూ రెండు రోజులు వరసగా పెరుగుతుంటే నాకు ఫోన్. బ్రాండ్ మారిన ప్రతిసారీ వారం పాటు రోజూ లెక్కించాలి. ఆవిడ దీన్ని నేను అనుకున్నదానికన్నా శ్రద్ధగా చేశారు. జాకెట్ కొలతలు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీల్లో తేదీ, అంకె. ఛాతీ, నడుం, చేతి పొడవు కొలతలున్న పేజీ తిప్పితే "26, 24, 27, నిద్రలో ఉలిక్కిపడ్డాడు, మళ్లీ 25". విశాఖలో ఎకో చేయించినా నాకు ఇంత ఉపయోగపడే వివరం దొరికేది కాదు. జనౌషధి మాత్రలకి మారిన వారం అంకెలు ఏమీ కదల్లేదు. మందు చౌకదైనంత మాత్రాన నాసిరకం కాదని ఆవిడ నమ్మింది నా మాట విని కాదు, ఆ అంకెలు చూసి.

పది రోజుల పరీక్షలో క్రియాటినిన్ 1.1 నుంచి 1.5కి పెరిగింది, పొటాషియం బాగానే ఉంది. శ్వాసలు ఇరవై అయిదు దగ్గర నిలకడగా ఉన్నాయి కాబట్టి ఫ్యూరోసెమైడ్‌ని ఉదయం అర, రాత్రి పావుకి తగ్గించాను. తరువాతి పరీక్షలో 1.3. నీరు లాగే మాత్ర పనిచేస్తుంది కదా అని అదే డోసులో వదిలేస్తే కిడ్నీల మీద పడే భారం, దాని వైద్యానికయ్యే ఖర్చు ఈ కుటుంబం మొయ్యలేదు. పరీక్షల డబ్బు ఎవరిస్తారన్న దగ్గర నేనే కలగజేసుకుని, కూతురికి చెప్పారా అని అడిగాను. అల్లుడి ముందు చిన్నతనమని చెప్పలేదట. ఆ అమ్మాయికి ఫోన్ చేయించాను. "నా కుక్క కదా అమ్మా, నాకెందుకు చెప్పలేదు" అని ఏడ్చింది. రక్తపరీక్షల ఖర్చు అప్పటి నుంచి హైదరాబాద్ నుంచే వస్తోంది.

షాపులో మారిన మాత్ర

మూడో నెలలో జనౌషధిలో ఫ్యూరోసెమైడ్ అయిపోయింది. ఆయన వేరే షాపుకి వెళ్లారు. అక్కడా ఆ రోజుకి లేదు. "ఇదీ నీరు పోయే మాత్రే, ఇంకా మంచిది" అని టార్సిమైడ్ 20 మి.గ్రా. స్ట్రిప్ చేతిలో పెట్టారు. సాయంత్రం పక్కింటి కుర్రాడి ఫోన్ నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది, కింద "ఇది ఏసీమంటారా" అని.

టార్సిమైడ్ మంచి మందే. కుక్కల్లో ఇది ఫ్యూరోసెమైడ్ కంటే పది రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ బలంగా పనిచేస్తుంది. ఎనిమిది కేజీల కుక్కకి మొదలుపెట్టేది రోజు మొత్తానికి ఒకటి, రెండు మిల్లీగ్రాములు. చీటీలో ఉన్నట్టు "ఉదయం అర, రాత్రి పావు" వేస్తే రోజుకి పదిహేను మిల్లీగ్రాములు పడేది. రెండు రోజుల్లో ఒంట్లో నీరంతా పోయి, పొటాషియం పడిపోయి, కిడ్నీలు మూలపడేవి. ఆ రాత్రికి నా దగ్గరున్న ఫ్యూరోసెమైడ్ స్ట్రిప్ ఇచ్చి పంపాను. స్ట్రిప్ ఫోటో పంపాకే మాత్ర వెయ్యాలన్న నియమం ఆ ఇంట్లో తుచ తప్పకుండా పాటించబట్టి టామీ బతికాడు. చౌక మందుల కోసం షాపులు మార్చే ప్రతి ఇంటికీ ఈ నియమం నేను ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నాను. రేటులో తేడా ఎంతున్నా, స్ట్రిప్ మీది మందు పేరు, మిల్లీగ్రాముల అంకె రెండూ చీటీతో కలవాలి.

ప్రభుత్వం నుంచి ఏం దొరుకుతుందని ఆయన ఒకసారి అడిగారు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, ప్రభుత్వ పశువైద్యశాలల్లో చూస్తారు, గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది. ఇవన్నీ ముఖ్యంగా పాడి పశువులు, గొర్రెలు, మేకల అవసరాలకి నిలబెట్టినవి. 2025 మార్చిలో కేంద్రం పశువుల ఆరోగ్య పథకంలో పశు ఔషధి అనే భాగం చేర్చి, జెనరిక్ పశువుల మందుల కోసం 75 కోట్లు కేటాయించింది. పిమోబెండాన్ లాంటి మందులు కూడా ఆ దారిలో చౌకగా రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పింఛను డబ్బుతో కుక్కని బతికించుకుంటున్న ముసలి దంపతులు ఈ జిల్లాలో వీళ్లొక్కరే కాదు. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. టామీ బిల్లులో అది కొద్దిపాటి తగ్గింపే అయినా, నెలనెలా కొనేవాళ్లకి లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు

సి దశలోనే, నిలకడగా ఉన్నాడు. బరువు 8.1 కేజీలు, ఒంట్లో నీరు పోగా నిలిచిన అసలు బరువు అది. నిద్రలో శ్వాసలు ఇరవై నాలుగు, ఇరవై ఆరు. పాలవాడు వస్తే లేచి గేటు దాకా వెళ్లి మొరుగుతున్నాడు, మొరిగాక కాస్త దగ్గుతాడు. మర్మర్ అలాగే ఉంది, ఉంటుంది. ఈ దీపావళికి ముందే రమ్మని చెప్పి, పండుగ రాత్రికి మాత్రం భయం తగ్గించే గాబాపెంటిన్ డోసు రాసిచ్చాను, అదీ జెనరిక్ పేరుతోనే.

జబ్బు ఇక్కడ ఆగదని ఇద్దరికీ చెప్పాను. ఫ్యూరోసెమైడ్ చాలని రోజు వస్తే టార్సిమైడ్‌కి మారాలి, ఈసారి నా లెక్క ప్రకారం, ఒక మిల్లీగ్రాము నుంచి. పిమోబెండాన్ రోజుకి మూడుసార్లు చెయ్యాల్సి రావొచ్చు, అప్పుడు నెల ఖర్చు రెండు వేలకి చేరుతుంది. ఆ అంకె ఇప్పుడే కేస్ షీట్‌లో రాసి, కూతురికి కూడా ఫోన్‌లో చెప్పాను. పైన పడే అయిదు వందలు తను పంపుతానంది. ఎకో కూడా ఈ చలికాలంలో, ఆ అమ్మాయి సెలవుకి వచ్చినప్పుడు, తనే విశాఖ తీసుకెళ్లి చేయిస్తుంది.